టేపులు పారేయమని మాత్రం రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో మూలపడిన పాటల క్యాసెట్లు, హాస్య నాటికల టేపులు, పెద్దవాళ్ల గొంతులున్న రికార్డింగులు బయటికి తీసి ఆన్‌లైన్‌లో అందరితో పంచుకోమని మీ చెన్నై పేజీలో పిలుపునిచ్చారు. మంచి పని. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు సినిమా పాటలు దశాబ్దాల పాటు ఈ ఊరి స్టూడియోల్లోనే రికార్డయ్యాయి. సభల్లో కచేరీలు, నాటకాలు సరేసరి. కాబట్టి ఇక్కడి తెలుగు ఇళ్ల అటకల మీద ఎంత సరుకు ఉండాలో అంతా ఉంది. అయితే ఆ పిలుపు చివర మీరిచ్చిన మూడు సూచనలతోనే మా పేచీ. స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయండన్నారు, వాట్సాప్‌లో పంపండన్నారు, ఆ తర్వాత టేపులు పారేసి ఇల్లు ఖాళీ చేసుకోండన్నారు. మూడూ నష్టం చేసేవే. మూడోది చేస్తే మొదటి రెండింటి నష్టాన్ని దిద్దుకునే దారి కూడా ఉండదు. టేపుల్ని, రికార్డుల్ని డిజిటల్‌లోకి ఎక్కించే పని తెలిసినవాళ్లం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు ఫోన్ సంగతి. ఫోన్‌లోని మైకు మనిషి మాట కోసం పెట్టింది. చుట్టూ ఉన్న చప్పుడును తగ్గించి మాటను పైకి లేపే ఏర్పాటు చాలా ఫోన్లలో దానంతటదే పనిచేస్తూ ఉంటుంది. గాయకుడు ఆగి తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు ఫోన్ దాన్ని ఫ్యాన్ చప్పుడు కింద జమకట్టి అణిచేస్తుంది. మృదంగం మీద గట్టి దెబ్బ పడగానే మొత్తం ధ్వనిని దించేసి, మళ్లీ మెల్లగా ఎత్తుతుంది. వినేవాళ్లకు పాట ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. వీటికి తోడు గదిలో ప్రతిధ్వని, వీధిలో ఆటో హారన్లు, వంటింట్లో కుక్కరు కూతలు. ఇవన్నీ పాటలో కలిశాక శుభ్రంగా విడదీయడం కుదరదు.

కావలసింది తీగ ద్వారా ఎక్కించడం. టేప్ రికార్డరుకు వెనక ధ్వనిని బయటికిచ్చే లైన్ అవుట్ రంధ్రం ఉంటే అది, లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం, అక్కణ్ణుంచి స్టీరియో తీగ, తీగ చివర యూఎస్‌బీ సౌండ్ ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటరుకు అందించే చిన్న డబ్బా), అది ల్యాప్‌టాప్‌కు. ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న రంధ్రంలో నేరుగా గుచ్చితే చాలదా అని అడుగుతారు. చాలదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఆ రంధ్రం హెడ్‌సెట్ కోసం, లోపలికి వెళ్లేది ఒక్క చానెల్ మైకు మాత్రమే. టేప్ రికార్డరు నుంచి వచ్చే ధ్వని దానికి మోతాదు మించి బరబరలాడుతుంది. లైన్ ఇన్ (టేప్ రికార్డరు ధ్వనిని తీసుకునే రంధ్రం) ఉన్న ఇంటర్‌ఫేస్, సరైన పిన్నుల తీగ ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. అక్కడ అడిగేటప్పుడు 'మైక్ ఇన్ కాదు, లైన్ ఇన్, స్టీరియో' అని గట్టిగా చెప్పాలి. లేకపోతే చేతికొచ్చేది కాల్ సెంటర్ హెడ్‌సెట్లకు వాడే ముక్క.

క్యాసెట్ పెట్టగానే నేరుగా ఎంపీ3 చేసి ఇచ్చే చవక డబ్బాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటి మోటారు నిలకడగా తిరగదు, వీణ గమకం ఒకటైతే యంత్రం కలిపే గమకం ఇంకొకటి. దానికన్నా పాత మంచి డెక్‌కు, అంటే క్యాసెట్ వినిపించే యంత్రానికి, కొత్త బెల్టు వేయించుకోవడం మేలు. ఏళ్లుగా వాడని డెక్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి గాని, కరిగి తారులా కప్పీలకు అంటుకుని గాని ఉంటుంది. ఆ జిగురంతా స్పిరిట్‌తో తుడిచాకే కొత్తది వేయాలి.

ఇక టేపు. ప్లే నొక్కే ముందు చూడాల్సినవి ఉన్నాయి, తొందర పనికిరాదు. క్యాసెట్ పైఅంచున రెండు మూలలా ఉండే ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోతుంది, లేకపోతే బటన్ దిగదు. తర్వాత కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచుల మీద తెల్లటి పొడి, చుక్కలు, దూదిలాంటి పీచు కనిపిస్తే అది బూజు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే ఈ ఊళ్లో లాఫ్ట్‌లో గోడకు ఆనించి పెట్టిన పెట్టెల్లో ఇది మామూలే. బూజు పట్టిన టేపును మంచి డెక్‌లో పెడితే ఆ పొడి, టేపును చదివే హెడ్ మీద మేటవేసి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. దానికి వేరే పాత యంత్రం ఒకటి కేటాయించి, ముక్కుకు మాస్కు కట్టుకుని, బాల్కనీలో పెట్టుకుని, టేపు కదులుతుండగా మెత్తని పొడి గుడ్డ ఆనించి ఒకటి రెండుసార్లు ముందుకూ వెనక్కూ చుట్టాలి. ఎండలో ఆరబెడితే పోతుందనుకుంటారు. బూజు పోదు, టేపు మాత్రం వంకర్లు పోతుంది.

2015 డిసెంబరు వరదల్లో తడిసిన క్యాసెట్లు ఇంకా కొందరి దగ్గర అలాగే ఉన్నాయి. బురద ఎండి గట్టిపడిన టేపును తిప్పడానికి ప్రయత్నిస్తే పొరలు ఒకదానికొకటి అంటుకుని పైపూత ఊడి వస్తుంది. అవి ఇంట్లో చేసే పని కాదు, తిప్పకుండా అలాగే ఉంచి పని తెలిసినవాళ్లకు ఇవ్వడమే. ఇకముందు తడిస్తే మాత్రం బురద ఎండనివ్వకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీళ్లు విదిలించి, నీడలో ఫ్యాన్ గాలికి నిలబెట్టి ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యరు వద్దు.

క్యాసెట్ ముందువైపు మధ్యలో, టేపు వెనక, సన్నటి రాగి రేకు మీద ఫెల్ట్ ముక్క ఒకటి కనిపించాలి. టేపును హెడ్‌కు అదిమిపట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది రాలిపోతుంది. అప్పుడు పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది, వస్తూ పోతూ ఉంటుంది. టేపు పోయిందని చాలామంది పక్కన పడేసేది ఇలాంటివాటినే. టేపుకు ఏమీ కాలేదు, డబ్బా మారిస్తే చాలు. ఐదు మరలతో బిగించిన వేరే క్యాసెట్ ఒకటి తీసుకుని, రెంటినీ బల్ల మీద పడుకోబెట్టి విప్పి, చుట్టలు రెంటినీ అలాగే ఎత్తి కొత్త డబ్బాలో పెట్టి, టేపును మూలల్లోని చిన్న చక్రాల మీదుగా, ఫెల్ట్ ముందు నుంచి వచ్చేట్టు వేసి, మెలి పడలేదని చూసుకుని మూయాలి. చుట్టలకు పైనా కిందా ఉండే పలచని ప్లాస్టిక్ కాగితాలు మరవకండి, అవి లేకపోతే టేపు డబ్బాకు రాసుకుని కీచుమంటుంది. మరలు లేకుండా అతికించిన క్యాసెట్లయితే అతుకు వెంట సన్నని బ్లేడుతో విప్పాలి. టేపు వైపున్న ముందు అంచు దగ్గర మొదలుపెట్టకండి.

బాగున్న క్యాసెట్‌నైనా ముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది, చుడితే సమమవుతుంది. సీ-60, సీ-90లతో (అంకె రెండువైపులా కలిపి పట్టే నిమిషాలు) పెద్ద ఇబ్బంది లేదు. సీ-120 అని రాసి ఉంటే జాగ్రత్త. ఆ టేపు మందం 9 మైక్రాన్లే, సీ-60లో సగం. చుట్టడంలో గబగబా ఆపి వదిలితే సాగుతుంది, లేదా రోలరుకు చుట్టుకుంటుంది.

డెక్‌లో హెడ్, దాని పక్కన తిరిగే ఉక్కు కడ్డీ, నల్ల రబ్బరు చక్రం — ఈ మూడింటినీ ప్రతి నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి తుడవాలి. లోహపు భాగాలకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్ చాలు. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌ను తినేస్తుంది. రబ్బరు చక్రానికి స్పిరిట్ ఎక్కువ వాడితే ఎండి పగులుతుంది, సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

పాట బాగా వచ్చేదీ రానిదీ తేల్చేది చాలావరకు అజిముత్. టేపు మీద మొదట రికార్డు చేసిన హెడ్ ఏ కోణంలో నిలబడి ఉందో, ఇప్పుడు వినే హెడ్ కూడా అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా 'స', 'శ' అక్షరాల పదును, తాళాల మోత, వయొలిన్ మెరుపు పోయి అంతా మొద్దుబారుతుంది. హెడ్‌కు రెండువైపులా మరలుంటాయి, వాటిలో స్ప్రింగు మీద కూర్చున్నదే తిప్పేది. టేపు నడుస్తుండగా సన్నని స్క్రూడ్రైవర్‌తో పావు తిప్పులోపే అటూ ఇటూ కదిపి, పైస్థాయి శబ్దం ఎక్కడ ఎక్కువ పదునుగా వస్తే అక్కడ ఆపాలి. రెండు చానెళ్లూ కలిపి మోనోగా వింటూ చేస్తే తేడా తొందరగా పట్టుబడుతుంది. క్యాసెట్ క్యాసెట్‌కూ ఇది చూసుకోవాలి, ఎందుకంటే ఇంట్లో రికార్డు చేసినవన్నీ ఒకే యంత్రం మీద చేసినవి కావు. ఒక్కోసారి ఏ వైపూ బీ వైపూ కూడా వేరువేరుగా ఉంటాయి.

పాత టేపు రికార్డరు మోనోదే కదా అని కంప్యూటర్లో మోనోగా రికార్డు చేయకండి. అజిముత్ కొంచెం తప్పినా రెండు చానెళ్లు కలిసేటప్పుడు పైస్థాయి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్టీరియోగా తీసి పెట్టుకుంటే, ఒక అంచు బూజుతో పోయినా రెండో చానెల్ నుంచి పాటంతా దక్కుతుంది.

రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. అందులో పెట్టుకోవాల్సినవి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. ఇలా నిమిషానికి సుమారు 17 ఎంబీ అవుతుంది, సీ-60 ఒకటి పూర్తిగా ఎక్కిస్తే ఒక జీబీ పైచిలుకు. ఇప్పటి హార్డ్ డిస్కుల్లో అది లెక్కలోది కాదు. జాగా చాలకపోతే ఫ్లాక్‌లోకి మార్చుకోండి, ధ్వని ఏమీ పోకుండా ఫైలు చిన్నదవుతుంది. రికార్డయ్యే ధ్వని ఎంత పెద్దగా ఉండాలో సరిచూసుకోవడానికి పాట మొదలు పనికిరాదు. కచేరీ అయితే తని ఆవర్తనం (మృదంగంలాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం), హాస్య నాటిక అయితే జనం పెద్దగా నవ్వి చప్పట్లు కొట్టే చోటు వెతికి, అక్కడ ముల్లు మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టుకోండి. పైకప్పుకు తగిలి నలిగిన ధ్వనిని బాగుచేసే మందు లేదు. విండోస్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయాలి. ఆపకపోతే ఫోన్ చేసే చెరుపే ఇదీ చేస్తుంది. గుయ్‌మని 50 హెర్ట్జ్ మోత వస్తుంటే ముందుగా ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, ఎక్కువసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఫోన్ తీగల పక్కన పెట్టకండి.

వేగం గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే ఆన్‌లైన్‌లో సగం పాత కచేరీలు పిల్లగొంతుతో వినబడుతుంటాయి. బ్యాటరీ తగ్గిపోయిన టేప్ రికార్డరులో రికార్డు చేసింది సరైన వేగంతో వింటే గబగబా, పైశ్రుతిలో వస్తుంది. దిద్దడానికి రెండు ఆనవాళ్లు. మొదటిది శ్రుతి: పాడిన విద్వాంసుడు ఒకటి శ్రుతివాడో ఒకటిన్నర శ్రుతివాడో ఆయన ఇతర రికార్డుల వల్ల తెలుస్తుంది. అర మెట్టు తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం. రెండోది కరెంటు మోత: అప్పటి రికార్డింగు కరెంటు మీద జరిగి ఉంటే 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం టేపు మీద సన్నగా ఎక్కి ఉంటుంది. ఆడాసిటీలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి సైజు 65536 పెట్టి చూస్తే ఆ శిఖరం కనిపిస్తుంది. అది 53 దగ్గర ఉందంటే టేపు 6 శాతం వేగంగా నడుస్తోందన్నమాట, 50ని 53తో భాగిస్తే వచ్చే 0.943 గుణకంతో వేగం తగ్గించాలి. సరిగ్గా 50 దగ్గర ఇంకో శిఖరం ఉంటే అది మీ ఇంటి కరెంటుది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. దిద్దేటప్పుడు వేగమూ శ్రుతీ రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడాలి, ఒక్క పిచ్‌నో ఒక్క టెంపోనో మార్చేవి కాదు.

సుయ్‌మనే శబ్దం తీసేయాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. మేమైతే ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిదంటాం. నాయిజ్ రిడక్షన్‌కు నమూనా ఇవ్వమంటే చాలామంది పాట మొదలవక ముందున్న భాగం ఎంచుకుంటారు. కచేరీ టేపులో అక్కడ తంబురా మోగుతూ ఉంటుంది. సాఫ్ట్‌వేరు దాన్నే చెత్త అనుకుని కచేరీ మొత్తంలోంచి ఊడ్చేస్తుంది, పాట కింద నేల లేకుండా పోతుంది. నమూనా తంబురా లేని చోట, క్యాసెట్ మొదట్లో ఖాళీ టేపు మీద తీసుకోవాలి, తగ్గింపు 6 నుంచి 9 డీబీ దాటనివ్వకూడదు. దాటితే నీళ్లలో గాజుపెంకులు కలిపినట్టు ఒక మెరుపు శబ్దం వస్తుంది.

హాస్యానికి ఇంకో ముప్పుంది. ఖాళీలు కత్తిరించే ఎఫెక్ట్, చిన్న శబ్దాన్ని మూసేసే గేట్ — ఈ రెండూ హాస్యపు టేపుకు విషం. మాట విసిరాక నటుడు ఆగే ఆ ఒకటిన్నర సెకనులోనే నవ్వుంది. 'నిశ్శబ్దం ఎందుకు దండగ' అని అది కోసేస్తే మిగిలేది వార్తలు చదివినట్టుంటుంది. గేట్ పెడితే జనం నవ్వు తోక తెగి, నవ్వు కాస్తా దగ్గులా ముగుస్తుంది. ముప్పై సెకన్ల రీల్ కోసం ముక్క కోసేవాళ్లు కూడా కనీసం ముందు మాటనూ వెనక నవ్వునూ వదిలితే బాగుండు. ఏం చేసినా నకలు మీద చేయండి, మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోకండి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులున్నవాళ్లకు రెండే మాటలు. ఒకటి, వాటిని స్పిరిట్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి. వడ్రంగులు పాలిష్ చేసుకునేది లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా! డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్, గాడి వెంట గుండ్రంగా, లేబుల్ తడవకుండా. రెండు, తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లుతో వాటిని వినిపించకండి. 78ల గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు గాడి అడుగున చెత్తలో కూరుకుపోయి బరబర తప్ప ఏమీ ఎత్తదు.

ఇంత కష్టపడి ఎక్కించి, ఫైలుకు 'ఓల్డ్ సాంగ్ 1' అని పేరు పెడతారు. ఇది మాకు మరీ బాధ. పేరు లేని పాట ఊళ్లో తిరిగి తిరిగి తప్పుడు పేరు తెచ్చుకుంటుంది. ఆన్‌లైన్‌లో పాత మగగొంతు ఏది వినబడినా ఘంటసాల అని రాసేస్తారు. ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్, మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు ఏమైనట్టు? మిమిక్రీ టేపులతో ఇంకా చిక్కు. నేరెళ్ల వేణుమాధవ్ లాంటి దిట్ట చేసిన అనుకరణను ముక్కగా కోసి పేరు లేకుండా వదిలితే, అది నాలుగు చేతులు మారేసరికి 'ఎస్.వి. రంగారావు అరుదైన ప్రసంగం' అయి కూర్చుంటుంది. అందుకని ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, ముందు సంవత్సరం, తర్వాత విషయం, చివర ఏ వైపో బీ వైపో. అసలు వివరాలు పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో తెలుగులో: ఎవరు పాడారు, పక్కవాద్యం ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, క్యాసెట్ మీద చేతిరాతలో ఏముంది ఉన్నదున్నట్టు, ఏ డెక్ మీద ఎక్కించారు, వేగం ఎంత మార్చారు. తెలియనిచోట 'తెలియదు' అని రాయాలి, ఊహ రాయకూడదు. టైపింగ్ యూనికోడ్‌లో ఉండాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పట్టిక ఇంకొకరి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే, వెతికితే దొరకదు. ఈ ఊళ్లో, బెంగళూరులో పెరిగిన మన పిల్లలు తెలుగు వింటారు గానీ చదవలేరు, కాబట్టి ఆన్‌లైన్ శీర్షిక రెండు లిపుల్లోనూ ఉండటం అవసరం.

పంచుకునేటప్పుడు వాట్సాప్ తప్పదంటే ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. వాయిస్ మెసేజ్‌గా మళ్లీ రికార్డు చేసి పంపితే మాట అర్థమైతే చాలన్న లెక్కన కుదించేస్తుంది. ఆడియోగా పంపితే చాలా ఫోన్లలో మీరు పెట్టిన పేరు పోయి 'ఏయూడీ' అని మొదలయ్యే అంకెలు వచ్చి చేరతాయి, సగం తప్పుడు పేర్లకు మూలం ఇదే. యూట్యూబ్ వట్టి ఆడియో తీసుకోదు, క్యాసెట్ అట్ట ఫోటో ఒకటి జోడించి వీడియో చేయాలి. ఫోన్ నంబరుతో ధృవీకరించని ఖాతాకు 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు.

హక్కుల దగ్గర అందరూ తడబడతారు. మన చట్టంలో శబ్ద రికార్డింగు మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డు మీది హక్కు 2020తో ముగిసింది. కానీ పాట రాసినవారి హక్కు, వరస కట్టినవారి హక్కు వేరు, అవి వాళ్లు పోయాక 60 ఏళ్లు. సినీ కవి సముద్రాల రాఘవాచార్య 1968లో కన్నుమూశారు, ఆయన సాహిత్యం మీద హక్కు 2028 చివరిదాకా ఉంటుంది. త్యాగరాజ కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు, దాన్ని ఫలానా విద్వాంసురాలు పాడిన రికార్డు మాత్రం ఆ 60 ఏళ్లు నిండేదాకా అందరిదీ కాదు. సభలో మీ ఇంట్లోవాళ్లు టేప్ చేసుకున్న కచేరీ మీద కళాకారుడికి 50 ఏళ్ల హక్కుంది, రేడియో ప్రసారం మీద ప్రసార సంస్థకు 25 ఏళ్లు. నాటిక అయితే రచయితనూ లెక్కలోకి తీసుకోవాలి. అభిమానంతో పెట్టామంటే హక్కు మాఫీ కాదు. కళాకారుల కుటుంబాలు చాలావరకు ఈ ఊళ్లోనే ఉన్నాయి, అడిగితే ఎక్కువమంది కాదనరు, పైగా పక్కవాద్యం పేర్లు వాళ్లే చెబుతారు.

యూట్యూబ్‌లో 'కంటెంట్ ఐడీ క్లెయిమ్', అంటే ఇది ఫలానా హక్కుదారుదని యంత్రం పోల్చి పెట్టే నోటీసు, వస్తే బెదిరిపోకండి. అది స్ట్రైక్ (హక్కుల ఉల్లంఘనకు చానెల్‌పై వేసే శిక్ష గుర్తు) కాదు. హక్కుదారు ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చు, లేదా వీడియోను ఆపవచ్చు. క్లెయిమ్ తప్పయితే అభ్యంతరం పెట్టండి, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒకే కీర్తన, ఒకే రాగం కావడం వల్ల యంత్రం పొరబడే అవకాశమూ ఉంది. 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు వస్తే మాత్రం చానెలే పోతుంది.

ఇంటి జ్ఞాపకాల టేపులు వీటన్నిటికన్నా విలువైనవి. పాట ఇంకెవరింట్లోనో దొరుకుతుంది, మామ్మ చెప్పిన కథ దొరకదు. వాటిని అందరికీ తెరిచి పెట్టకండి. ఆ టేపుల్లో ఇంటి చిరునామాలు, పుట్టిన తేదీలు, ఆస్తి తగాదాలు, పక్కింటివాళ్ల మీద చెప్పుకున్న మాటలు ఉంటాయి. బ్యాంకులవాళ్లు గుర్తింపు కోసం అడిగే 'తల్లి పుట్టింటిపేరు' కూడా అందులోనే. ముందు మొత్తం వినాలి, బతికున్నవాళ్లను అడగాలి. నిమిషాల తరబడి ఉన్న స్పష్టమైన గొంతుతో నకిలీ గొంతు తయారు చేసి డబ్బు అడిగే మోసాలు ఇప్పుడున్నాయి. కుటుంబానికైతే ఫలానావాళ్లకే తెరుచుకునే ఫోల్డరు చాలు. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అంటే రహస్యం కాదు, లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూడవచ్చు.

మీ మూడో సూచన దగ్గరికి వస్తాం. టేపు పారేయకూడదనడానికి కారణం సెంటిమెంటు కాదు. మొదటిసారి ఎక్కించినప్పుడు అజిముత్ తప్పిందనో, చానెల్ ఒకటి రాలేదనో తెలిసేది చాలా రోజులకు, జాగ్రత్తగా విన్నప్పుడే. హార్డ్ డిస్కు చెప్పకుండా పోతుంది, పెన్ డ్రైవ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని ఫైళ్లు రెండు వేరువేరు డిస్కుల్లో, మూడో నకలు వేరే ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో గాని క్లౌడ్‌లో గాని ఉంచాలి. క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టి, మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో, స్పీకర్లకు దూరంగా, గోడ నుంచి నాలుగు వేళ్లు ఎడంగా పెట్టాలి. స్పీకరు అయస్కాంతం టేపు మీదిది చెరిపేస్తుంది. జెల్ గింజలు రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు, వానాకాలం ముందు ఒకసారి చూసుకుంటే చాలు. ఉంచుకోవడానికి నిజంగా చోటు లేనివాళ్లు తమ క్యాసెట్ల పట్టిక రాసి పంపితే, అవసరమైనవాళ్లు వచ్చి తీసుకువెళ్లేట్టు వారానికొకసారి మీ పేజీలో కొంత జాగా ఇవ్వగలరా? ఆ పారేయమన్న వాక్యాన్ని మాత్రం వచ్చే ఆదివారం సంచికలోనే సవరించాలని కోరుతున్నాం. పాత పేపర్ల బండి ఇంటింటికీ వచ్చేది అదే రోజు.

ఇట్లు,
టేపులు, రికార్డులు డిజిటల్‌లోకి ఎక్కించే కొందరు పాఠకులు,
చెన్నై